ఎనిమిది రోజుల సంచి

దర్జీ కొట్టులో కటింగ్ మాస్టరంటే ఇస్త్రీ మడత నలగని మనిషని వీధిలో అందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లోవాళ్ల నడుములూ చంకలూ కొలుస్తూ, ఒకరి చెమట తన వేలికి అంటకుండా టేపు తిప్పడం నేర్చుకున్నాడు. ఒక్కొక్కరి కొలతలు రాసుకున్నాక వెనక్కి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేవాడు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. ఉన్న రెండు గదుల్లో నేల మీద దారం ముక్క కనబడినా ఆయనకు అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే ఒంటికి వెళ్తే ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. తెల్లటి పింగాణీ మీద ఆ ఎరుపు చూసి మాస్టరుకు భయం కంటే ముందు రోత పుట్టింది. నీళ్లు వదిలి, బ్రష్షుతో రుద్ది, ఫినాయిలు పోసి బయటికి వచ్చాడు. వారం తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ కడిగాడు. అలా రెండు నెలలు కడుక్కుంటూ వచ్చాడే గాని ఎవరికీ చెప్పలేదు. ఆ మాట నోటితో అనడమే ఆయనకు చీదర.

ఆయనకు స్నేహితులు ఇద్దరే. ఒకడు సిటీ బస్సు డ్రైవరు, బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. రెండోవాడికి మాంసం కొట్టు. ఎముకల పోగులా ఉంటాడని అందరూ బొమిక అని పిలిచేవారు. ఆదివారం సాయంత్రాలు ముగ్గురూ డ్రైవరు ఇంటి మేడ మీద పేకాట ఆడుకునేవారు. బొమిక పంచిన ముక్కల్ని మాస్టరు జేబురుమాలుతో తుడిచి గాని చేతిలోకి తీసుకునేవాడు కాదు. ఇరవై ఏళ్లుగా అంతే. బొమిక చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఒక ఆదివారం మాస్టరు బాత్రూంలోంచి వచ్చాక బొమిక లోపలికి వెళ్లి, వెళ్లినంత వేగంగా బయటికి వచ్చాడు.

"మాస్టరూ, లోపల నేల మీద రక్తం చుక్కలున్నాయి. నీవేనా?"

"చిగుళ్లలోంచి కారుంటుంది."

"పొద్దున లేస్తే రక్తం చూసేవాణ్ణి, నాకు చెప్తావా? చిగుళ్లది అలా ఉండదు."

డ్రైవరు చేతిలో ముక్కలు బోర్లా పెట్టేశాడు. మర్నాడు సెలవు పెట్టి మాస్టరును ఆసుపత్రికి లాక్కెళ్లాడు. స్కానింగు తీశారు. సన్నటి గొట్టానికి కెమెరా తగిలించి లోపలికి పంపి చూశారు. మూత్రాశయం గోడకు ద్రాక్షపండంత గడ్డ ఉందనీ, పొట్ట కోయనక్కర్లేకుండా ఆ దారినే వెళ్లి గీకి తీసేస్తామనీ డాక్టరమ్మ చెప్పింది. సిగరెట్టు అలవాటుందా అని అడిగింది. జన్మలో ఒక్కటీ ముట్టలేదని చెబితే నమ్మనట్టు చూసింది.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. మాస్టరుకు అసలు నరకం ఇంటికి వచ్చాక మొదలైంది. గీకిన చోట గోడ పలచబడిందట. ఎనిమిది రోజులు గొట్టం తియ్యకూడదట. ఆ గొట్టం తొడ మీదుగా దిగి మంచం పక్కన వేలాడే ప్లాస్టిక్ సంచిలోకి వెళ్తుంది. సంచి పారదర్శకం. మాంసం కడిగిన నీళ్ల రంగులో ఉన్నదంతా గదిలోకి వచ్చిన ప్రతివాడికీ కనబడుతుంది. మాస్టరు దాని మీద తువ్వాలు కప్పాడు. కప్పినా వాసన ఆగదు. అది తన వాసన. తన ఒంట్లోంచి, తన అనుమతి లేకుండా, చుక్క చుక్కగా వస్తున్న వాసన. ఎవరి వాసననైనా రెండడుగులు వెనక్కి వేసి తప్పించుకున్నవాడు దీన్నుంచి ఎక్కడికని జరుగుతాడు?

మొదటిరోజే చెల్లెలు చూడ్డానికి వచ్చింది. గుమ్మం దాటకుండానే పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పది నిమిషాలు నిలబడే మాట్లాడింది. చూపు గోడ మీద, సీలింగు మీద, కిటికీ మీద తిరిగిందే తప్ప మంచం వైపు రాలేదు.

"ఏదన్నా అవసరమైతే ఫోన్ చెయ్యి అన్నయ్యా, మొహమాటపడకు" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె మీద మాస్టరుకు కోపం రాలేదు. ఆమె స్థానంలో తనుంటే గుమ్మం దాకా కూడా వచ్చేవాడు కాదని ఆయనకు తెలుసు.

స్నేహితులిద్దరూ పని పంచుకున్నారు. డ్రైవరు పొద్దున వచ్చి కాఫీ పెట్టి, సంచి ఖాళీ చేసి, పదింటికి డ్యూటీకి వెళ్లేవాడు. బొమిక ఒంటిగంటకు కొట్టు కట్టేసి వచ్చేవాడు. డ్రైవరు సంచి మూత తిప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని ఊపిరి బిగబట్టేవాడు. ఆ బిగబట్టడం మాస్టరుకు అర్థమయ్యేది. బొమిక అలా కాదు. ఈల వేస్తూ సంచి ఎత్తి, వెలుతురుకు పట్టి చూసి, "నిన్నటి కంటే పలచబడింది, మంచిదే" అనేవాడు. ఎంత సబ్బు రుద్దుకుని వచ్చినా అతని దగ్గర పచ్చిమాంసం వాసన తగిలేది. మాస్టరు అతని గోళ్ల వైపు చూడకుండా తల తిప్పుకునేవాడు. ఆ చేతులతోనే గ్లాసు అందించేవాడు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలని డాక్టరమ్మ చెప్పింది కదా. మాస్టరు కళ్లు మూసుకుని మింగేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు పట్టేసింది. గొట్టం పక్కనుంచి కారిపోయింది. లుంగీ, దుప్పటి, పరుపు అన్నీ తడిసిపోయాయి. లేవబోతే సంచి లాగింది. బొమిక పరుగున వచ్చి, పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి లాగేసి, తడిగుడ్డతో తొడలు తుడవడం మొదలుపెట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి పసిపిల్లవాడిలా కాళ్లు చాపుకుని కూర్చోవాల్సి వచ్చింది. మాస్టరుకు డోకొచ్చింది. ఎవరి మీద కక్కాలో తెలియక నోటికొచ్చింది అనేశాడు.

"నీకేం, ఇవన్నీ అలవాటేగా. పుట్టి పెరిగిందే ఆ కంపులో."

బొమిక చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. తుడవడం పూర్తిచేశాడు, పొడి లుంగీ కట్టాడు, కొత్త దుప్పటి పరిచాడు, సంచిని కొక్కేనికి తగిలించాడు. వెళ్లి చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. ఆ నీళ్ల చప్పుడు ఎంతకీ ఆగలేదు. తర్వాత చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున డ్రైవరు సంచి తీస్తూ అడిగాడు. "ఏమన్నావురా వాణ్ణి? ఇవాళ రానని కబురు పెట్టాడు."

"ఏమీ అనలేదు."

"ఇరవై ఏళ్లు ముక్కలు తుడుస్తుంటే ఊరుకున్నవాడు ఇవాళ రానన్నాడంటే, నువ్వు గట్టిదే అన్నావు."

డ్రైవరు వెళ్లాక మాస్టరు ఒంటరిగా గోడ చూస్తూ పడుకున్నాడు. పన్నెండు గంటల వేళ పొత్తికడుపు బరువెక్కింది. సంచిలో చూస్తే పొద్దున డ్రైవరు ఖాళీ చేసినప్పటినుంచి అరచేతి మందం కూడా రాలేదు. ఒంటిగంటకు పొట్ట రాయిలా గట్టిపడింది. చెమటలు కారిపోతున్నాయి. ఇరుగుపొరుగును పిలుద్దామంటే, తలుపు తీసి ఈ గొట్టంతో నిలబడాలి. డ్రైవరు స్టీరింగు ముందుంటే ఫోను ఎత్తడు. చెల్లెలికి చేశాడు.

"అయ్యో, మీ బావగారు ఊళ్లో లేరు అన్నయ్యా. నేనొస్తే నాకే కళ్లు తిరుగుతాయి, నీకు తెలుసుగా నా సంగతి. అంబులెన్సుకు ఫోన్ చెయ్యనా?"

"వద్దులే" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. తర్వాత బొమికకు చేశాడు. రెండు రింగులకే ఎత్తాడు.

"గొట్టంలోంచి రావట్లేదు" అన్నాడు మాస్టరు.

పది నిమిషాల్లో బొమిక వచ్చాడు. ఒంటి మీద కొట్టులో కట్టుకునే రబ్బరు గుడ్డ అలాగే ఉంది, దాని మీద ఎండిన మరకలు. మాంసం దింపే చిన్న వ్యాను వీధిలో ఆపి, మాస్టరును భుజం మీద మోసినట్టే తీసుకెళ్లి ఎక్కించాడు. వెనక ఖాళీ ట్రేలు గతుకు గతుకుకీ దడదడలాడాయి. ఆ ఇరుకులో ఎండకు మగ్గిన కొవ్వు వాసన. మాస్టరు కిటికీలోంచి తల బయటికి పెట్టి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. బొమిక వేగం తగ్గించలేదు.

ఆసుపత్రిలో నర్సు పెద్ద సిరంజితో గొట్టంలోకి నీళ్లు కొట్టి వెనక్కి లాగింది. మొదట ఏమీ రాలేదు. మూడోసారికి గడ్డకట్టిన రక్తం కార్జం ముక్కల్లా జారి బేసిన్‌లో పడింది. బేసిన్ పట్టుకున్నది బొమికే. ఆ తర్వాత ధారగా వచ్చింది. పొట్ట దిగుతుంటే మాస్టరుకు కళ్ల వెంట నీళ్లు కారాయి.

నర్సు బేసిన్ తీసుకుని వెళ్లాక ఆయన మెల్లగా అన్నాడు. "నిన్న నేనన్న మాట..."

"అన్నావు. విన్నాను. ఇప్పుడు కాలు కదపకు."

బొమిక సంచిని మంచం కొక్కేనికి తగిలించాడు. తర్వాత బొమికే నేల చూస్తూ చెప్పాడు.

"నాకు రోత లేదనుకున్నావా? మేకది వేరు మాస్టరూ. అది మాంసం. మొదటిరోజు నీ సంచి పారబోసి ఇంటికెళ్లి ముద్ద ముట్టలేదు. మా ఆవిడ అడిగితే ఆకలి లేదన్నాను. రెండో రోజూ అంతే. ఆ ఈల వేసేది ఎందుకనుకున్నావు? నోట్లోంచి గాలి పోతుంటే ముక్కుకు వాసన తెలియదు."

ఇన్నాళ్లూ మాస్టరు అతని చర్మం మందమనుకున్నాడు. తన లాంటి సున్నితత్వం వాడికి ఎక్కడిదనుకున్నాడు. ఆ సున్నితత్వాన్ని తను గుమ్మం దగ్గర ఆగిపోవడానికి వాడుకుంటే, అతను దాన్ని మింగి లోపలికి వచ్చాడు. సంచి మీద పుట్టినదానికంటే పెద్ద రోత ఆయనకు తన మీద తనకే పుట్టింది.

ఎనిమిదో రోజు గొట్టం తీశారు. మొదటిసారి ఒంటికి వెళ్తే గాజుపెంకులు జారినట్టు మండింది. ఆ వారమంతా బాత్రూం చేరేలోపే లుంగీ తడిసేది. రిపోర్టు వచ్చింది: గడ్డ చెడ్డదే గాని లోతుకు పాకలేదు. మళ్లీ రాకుండా ఆరు వారాలు, వారానికొకసారి మూత్రాశయంలోకి మందు ఎక్కించాలన్నారు. ఎక్కించాక రెండు గంటలు పట్టి ఉంచుకోవాలి. పావుగంటకొకసారి ఎడమకీ కుడికీ వెల్లకిలా బోర్లా పొర్లాలి. ఆ తర్వాత ఆరు గంటలు ఎప్పుడు వెళ్లినా కూర్చునే వెళ్లాలి, మందులోని క్రిములు చావడానికి వెళ్లినదాని మీద బ్లీచింగు పోసి పావుగంట ఉంచి కడగాలి.

మొదటి వారం డ్రైవరు సెలవు పెట్టి తోడున్నాడు. రెండో వారం బొమిక వంతు. మందు ఎక్కించాక ఇంటికి తీసుకొచ్చి, ఫోనులో పావుగంటకొక అలారం పెట్టి, కుర్చీలోనే కునుకు తీశాడు. నాలుగో అలారానికి లేవలేదు. మాస్టరు తనంతట తనే కుడికి పొర్లాడు. రెండు గంటలయ్యాక గోడ పట్టుకుని బాత్రూంలోకి వెళ్లాడు. పని కానిచ్చి, బ్లీచింగు డబ్బా తనే అందుకున్నాడు. మూత తీయగానే ఘాటు ముక్కుకెక్కింది. కిందనుంచి వచ్చే కంపూ ఆ ఘాటూ కలిసి గొంతులోకి ఎగదన్నాయి. గట్టిగా ఓకరించాడు.

ఆ చప్పుడుకు బొమికకు మెలకువ వచ్చింది. తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది? నేను పోస్తా, జరుగు."

"అక్కర్లేదు. నేనే పోసుకుంటాను."

"పోసుకో. వాంతి చేసుకుంటే మాత్రం అదీ నువ్వే కడుక్కోవాలి. నాది ఒక్క రకానికే ఒప్పందం."

మాస్టరుకు నవ్వొచ్చింది. నవ్వితే పొత్తికడుపులో కలుక్కుమంది, లుంగీ మళ్లీ కాస్త తడిసింది. ఛీ అనుకుంటూనే డబ్బా వంచి, పావుగంట గడవడానికి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. అవతల వైపు బొమిక అలారం పెట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.