దుప్పట్ల కాగితాలు

"ఖాళీగా పడున్నాయి కదా అని వేశాను," అన్నాడు నా భర్త, కడగమని కుంచెలు నా చేతిలో పెడుతూ. ఆర్ట్ కాలేజీలో పిల్లలకు కాగితం తయారీ నేర్పి అప్పుడే ఇంటికొచ్చాను. భుజం మీది సంచి ఇంకా దించలేదు. వెనకగదిలో చెక్కల మీద ఆరబెట్టిన నా కాగితాలన్నిటి మీదా నల్లసిరాతో మామగారి ముఖం ఉంది.

అవి ఖాళీ కాగితాలు కావు. మామగారు మంచాన పడ్డప్పటినుంచి పోయేదాకా నేను ఉతికిన దుప్పట్లు. వాటిని కత్తిరించి, నానబెట్టి, గుజ్జయ్యేదాకా దంచి, తొట్టిలోంచి జల్లెడ చట్రంతో ఒక్కొక్కటే ఎత్తాను. ఎంత ఉతికినా పోని మరకలు వెలుతురుకు పట్టి చూస్తే లేతగా కనిపిస్తాయి. ఏమీ గీయకుండా వాటినలాగే గోడకు తగిలించాలనుకున్నాను. ఈ వారమే నా మొదటి ప్రదర్శన. పెళ్ళయ్యాక నాకంటూ నేను కోరుకున్నది అదొక్కటే. ఆ దుప్పట్లు మారుస్తుంటే ఈయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగేవాడు. నీకు అలవాటైపోయింది, నా వల్ల కాదు అనేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకుని ఉంటే ఆ ముసలాయన పుండ్లు పడి ఇంకా ముందే పోయేవాడు.

ఇప్పుడు తండ్రి మీద ప్రేమ పొంగింది. బొమ్మలు బాగున్నాయి, అదే నా కడుపుమంట. సిరా అంచులు పాకడం కూడా ఆయనకే కలిసొచ్చింది. చివరి రోజుల్లో తండ్రి దవడ పక్కకు జారడం కూడా పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర్నుంచే అంత బాగా చూశాడన్నమాట.

అత్తగారు కళ్ళొత్తుకుంది. కొడుకంటే వీడు, తండ్రిని మళ్ళీ బతికించాడంది. నీ బురద కాగితాలకు ఇన్నాళ్ళకు కళ వచ్చిందని నన్నూ మెచ్చుకుంది. ప్రదర్శన పెట్టే ఆవిడకు ఆయన అప్పటికే ఫోన్ చేసి ప్రదర్శనను తన పేరు మీదికి మార్పించాడట.

"కింద నీ పేరు కూడా వేయమన్నాలే," అన్నాడు.

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. నేను కుంచెలు కడిగాను. శుభ్రంగానే కడిగాను.

మర్నాడు ఏ బొమ్మ ఏ గోడకో చూసుకోవడానికి తల్లీకొడుకులు ప్రదర్శన హాలుకు వెళ్ళారు. నేను కాలేజీకి సెలవు పెట్టాను. జిగురు పట్టించని కాగితం నానితే మళ్ళీ గుజ్జవుతుందని పిల్లలకు మొదటి క్లాసులోనే చెబుతాను. వీటికి నేను జిగురు పట్టించలేదు. తొట్టి నింపి ఒక్కొక్క ముఖాన్నీ చింపి నీళ్ళలో వేశాను. ముందు దవడ విడిపోయింది, తర్వాత కళ్ళు. క్షమించండి మామగారూ అనబోయి ఆగాను. మిమ్మల్ని అన్నిసార్లు కడిగినదాన్ని, ఇంకోసారి కడిగితే తప్పేముంది అనుకున్నాను.

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేసరికి చెక్కల నిండా బూడిదరంగు కాగితాలు తడితడిగా ఉన్నాయి. మీద ఒక్క గీత లేదు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. అది ఆయనకు అలవాటైన చోటే.

"నా బొమ్మలేవి?" అన్నాడు.

"ఆరుతున్నాయి," అన్నాను. "ముట్టుకోకండి."