షాహెదా పేరున్న తపేలా

కళాయికి చల్లిన నవాసాగరం పొగ ముక్కుదాకా వచ్చినా లాల్ అహ్మద్ మొహం తిప్పుకోలేదు. నలభై ఏళ్లు ఆ ఘాటుకు దగ్గినవాడు. ఇప్పుడా వాసనే తెలియడం లేదు. పాన్‌గల్ బస్టాండు పక్కన గుంటలో నిప్పుల మీద ఇత్తడి తపేలాను పట్టకారుతో తిప్పుతున్నాడు. నల్లబడిన గోళ్లు, మసి ఇంకిన అరచేతులు, మోకాళ్ల మీదికి వంగిపోయిన నడుము. చేతులు మాత్రం పని మరవలేదు. భార్య షాహెదా పక్కన కూర్చుని గాలితిత్తి కొడుతోంది.

ఆ తపేలా వాళ్లింటిదే. ఊళ్లన్నీ స్టీలు గిన్నెలకు మళ్లాక ఇత్తడికి తగరం పూసే కళాయి పని తగ్గింది. రెండు గిన్నెల అడుగున ఇతను మరిచిపోయి కళాయి వదిలేస్తే పులుసు చిలుమెక్కింది. దాంతో మిగిలినవాళ్లూ మానేశారు. వాళ్లను అనడానికేముంది? కానీ పొద్దున్నే సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడే మనిషికి పని లేదని చెప్పేదెవరు? అందుకే షాహెదా వనపర్తిలోని ఇంటి నుంచి తన తపేలానే గుడ్డలో చుట్టి తెచ్చి టీకొట్టు అమృతమ్మకిస్తుంది. అమృతమ్మ అది తనదే అన్నట్టు అతని ముందు పెడుతుంది. ఇది పదకొండోసారి.

దాని అంచు బయట చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. పెళ్లయిన ఏడు తనే కొట్టాడు. కళాయి అయ్యాక ప్రతిసారీ దాన్ని వేలితో తడిమి, "షాహెదా... మా ఇంట్లామె పేరు గూడ గిదే" అంటాడు. ఆ ఇంట్లామె ఎదురుగానే ఉందన్న సంగతి మరిచి నాలుగు నెలలైంది. ఆ ఒక్క మాట కోసమే ఆమె ఈ నాటకమంతా ఆడుతోంది.

వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. మనిషిని బతికించే గాలే మెదడును కొంచెం కొంచెంగా తినేస్తూ ఉంటుందట. వయసులో ఉన్నప్పుడు ఒళ్లే దాన్ని బాగుచేసుకుంటుందట. ముసలితనంలో ఆ శక్తి తగ్గుతుందట, ఈ మతిమరుపు జబ్బులో మరీనట.

"చిలుము లెక్కనా అమ్మా?" అని అడిగింది షాహెదా.

"దాదాపు అంతే."

"మరి దానికి కళాయి లేదా?"

డాక్టరమ్మ మందుల చీటీ చించి ఆమె చేతికిచ్చింది.

ఇవాళ కూడా లోపల తగరం కరిగించి దూదితో తుడిచాడు. తపేలా తెల్లగా మెరిసింది. షాహెదా తిత్తి ఆపేసి అతని వేలినే చూస్తోంది. వేలు పేరు మీదికి వెళ్లింది, ఆగింది. అతను కనుబొమలు ముడిచాడు. మరక అనుకున్నాడు కాబోలు, తపేలాను పక్కకు వంచి నిప్పు మీద పెట్టి తగరం కడ్డీ బయటి అంచుకు రాశాడు. బయట కళాయి ఎవరూ వెయ్యరు. షాహెదా ఆపబోయి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. దూది రెండుసార్లు తిరిగింది. చుక్కలు పూడిపోయాయి.

"తీస్కో అమ్మా," అంటూ సంతోషంగా ఆమె ముందు పెట్టాడు. "ఇగ చిలుము పట్టదు. పరేషాన్ గాకు."

"మంచిగ చేసినవ్," అంది ఆమె.

తిరుగు బస్సులో అతను నిద్రపోయాడు. తల ఆమె భుజం మీదికి ఒరిగింది. ఎన్నాళ్లకో ఇంత దగ్గరికి వచ్చాడని ఆమె కదలకుండా కూర్చుంది. వనపర్తిలో అందరూ దిగాక లేపింది. లేవలేదు.

అతను పోయిన నలభయ్యో రోజు, ఫాతిహా ప్రార్థన వంటకు ఇరుగుపొరుగు తలా ఒక గిన్నె తెచ్చారు. సాయంత్రం తోమిన గిన్నెల మీద పేర్లు చూసుకుని ఎవరివి వాళ్లు పట్టుకెళ్లారు. లోపలా బయటా తెల్లగా మెరుస్తూ, ఏ పేరూ లేని తపేలా ఒక్కటి గోడ పక్కన మిగిలిపోయింది.