జెడ్డా దారిలో సగం ఖర్జూరం

మా ఆయన నాగూర్‌కి కొండపల్లి బొమ్మలు చెక్కడం బాగా వచ్చు. మిగతావన్నీ కూడా వచ్చనే అనుకుంటారు, మా ఇంట్లో ఇబ్బంది అదే.

రంజాన్ నెలలో మక్కాకు ఉమ్రా యాత్ర టికెట్లు చేతికి రాగానే కళ్ళజోడు పెట్టుకుని చూశారు. హైదరాబాదులో మధ్యాహ్నం మూడున్నరకు ఎక్కడం, జెడ్డాలో సాయంత్రం ఆరూ ముప్పావుకు దిగడం.

“మూడుంబావు గంటలే సాలేహా. మన కొండపల్లి నుంచి సికింద్రాబాద్ రైలు కూడా ఇంత తొందరగా పోదు. రోజా ఉండే వెళ్దాం.”

సముద్రం అవతలి ఊరు హైదరాబాదు కంటే దగ్గరెలా అయిందని అడిగాను. విమానాల సంగతి నీకేం తెలుసన్నారు. ఆయన ఎక్కడమూ అదే మొదలు.

ప్రయాణంలో రోజా ఉపవాసం మానొచ్చు, తర్వాత ఉండి తీర్చుకోవచ్చు. పైగా ఆయనకు షుగరు. మన ఊళ్ళో పొద్దుగుంకే దాకా అయితే పర్లేదు, అంతకు మించి వద్దని డాక్టరు చెప్పారు. కానీ నేనుంటే ఆయనా ఉంటారు, అదొక పంతం. మొదలుపెట్టిన రోజాను నేను మధ్యలో విడిచింది లేదు, అది నా గొప్ప.

మా ఇంట్లో రోజా విడిచే ఇఫ్తార్‌కి మొదటి ఖర్జూరం ఇద్దరికీ ఒకటే. పెళ్ళైన ఏడాది అత్తగారు పెట్టిన అలవాటు. నేను చీల్చి సగం ఇస్తాను, ఇద్దరం ఒకేసారి తింటాం.

విమానంలో ఆరూ ఇరవై దాటాక ఆయన ఇహ్రాం తెల్లబట్టల మీద కట్టుకున్న నడుం సంచిలోంచి మా కొండపల్లి మసీదువాళ్ళిచ్చిన, రోజా వేళలున్న రంజాన్ కార్డు తీశారు. చేతి గడియారం చూసుకుని, “ఇక ఖర్జూరం తియ్యి,” అన్నారు.

నేను కిటికీ చూపించాను. రెక్క మీద ఎండ మెరుస్తోంది. సీటు ముందున్న తెరలో జెడ్డా ఇంకా రెండు వేల కిలోమీటర్లుంది. నీళ్ళిచ్చే అమ్మాయిని అడిగితే, టికెట్‌లో దిగే టైము జెడ్డాదని, అది మన టైముకు రెండున్నర గంటలు వెనకని, ఇంకా మూడు గంటల దాకా పడుతుందని ఓపిగ్గా చెప్పింది. మేం పడమటికే పోతున్నాం, అందుకే పొద్దు గుంకడం లేదు.

ఆయన కార్డు మడిచి లోపల పెట్టారు. “అయితే ఆగుదాం.”

కాసేపటికి నుదుట చెమట పట్టింది. చెయ్యి వణుకుతోంది. బొమ్మలకు కనుబొమ్మలు గీసే చెయ్యి అది. నాకు భయమేసింది.

“మీరు తినండి. ప్రయాణానికి మాఫీ ఉంది, జబ్బుకీ ఉంది.”

“మరి నువ్వు?”

“నాకేం జబ్బు? నేనుంటా.”

“అయితే నేనూ ఉంటా. మక్కా పోతూ ఒక్కణ్ణే తింటానా?”

తిట్టాలనిపించింది, ముద్దూ వచ్చింది. ఖర్జూరం చీల్చి, నా సగం ముందు నోట్లో వేసుకున్నాను.

ఆయన నావంక తిరిగారు. “రోజా విడిచేశావా?”

“విడిచేశా. ఇక మీ సగం తినండి.”

తిన్నారు. ఆ అమ్మాయి తెచ్చిచ్చిన జ్యూసు తాగి నాదీ తాగారు. వణుకు తగ్గింది.

జెడ్డాలో దిగేసరికి పొద్దు గుంకుతోంది. చుట్టూ అందరూ ఖర్జూరాలు తీస్తున్నారు.

“నాకోసం కాకపోతే నీ రోజా నిలిచేది,” అన్నారు చిన్నబోయి.

“ఊరెళ్ళాక ఆ రోజా మళ్ళీ ఉంటాను. మీకేమన్నా అయితే మిమ్మల్ని మళ్ళీ ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?”

ఆయన గడియారం విప్పి నా చేతిలో పెట్టారు, జెడ్డా టైముకు తిప్పమని.