చుక్క పడాలి

కిరణ్మయి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో శుక్రవారం తేలిపోతుంది. రాయగడ చివర ఒక శిక్షణ కేంద్రంలో, కొత్త ఫిట్టర్లు ఫోన్లో చూసి నేర్చుకునే పాఠాలు తయారుచెయ్యడం ఆమె పని. మూడు నెలలు చూసి ఉంచుకుంటామని చేర్చుకున్నారు. ఆఖరి పాఠం పంపుది. పంపులో తిరిగే ఇనపకడ్డీ, అదే షాఫ్టు, చుట్టూ నీళ్లు చిమ్మకుండా తాడులాంటి ప్యాకింగ్ చుట్టి, పైన నట్లు బిగించాలి. అంతే కదా అనుకుంది, పాపం!

పాఠం చెప్పిందెవరనుకున్నారు? గున్నయ్య! కొరాపుట్ వైపు ముప్పై ఒక్క ఏళ్లు పంపులతోనే కాపురం చేసిన మనిషి. పంపు పక్కనుంచి నడిచివెళ్తే చాలు, దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. అలాంటివాణ్ణి కెమెరా ముందు నిలబెట్టి, అతను చెప్పింది పొల్లుపోకుండా పాఠంలో పెట్టి, అతనికే చూపించింది.

"అంతా ఉందమ్మీ. ఒక్క ముక్క వదల్లేదు" అని గున్నయ్య మీసం దువ్వాడు.

సోమవారం ఆ పాఠం చూసి నలుగురు కొత్తవాళ్లు నాలుగు పంపులు బిగించారు. పది నిమిషాల్లో నాలుగింటికీ పొగ! ప్యాకింగ్ మాడిన కంపుకి షెడ్డు షెడ్డంతా ముక్కు మూసుకుంది. కేంద్రం పెద్ద సూర్యప్రకాష్ వచ్చి చూశాడు.

"శుక్రవారం నా ఎదురుగా మళ్లీ చేయించండి. అప్పుడూ ఇదే అయితే బయటినుంచి పాఠాలు కొనుక్కుంటాం. మీరు ఇంకో ఉద్యోగం చూసుకోండి" అన్నాడు. ఆ మర్యాదకే ఆమెకు ఏడుపొచ్చింది.

గున్నయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. "పిల్లలకి పనిలో మనసు నేదమ్మీ. నా పాటంలో ఏటి తప్పుంది?"

నిజమే, తప్పు లేదు. పదిసార్లు చూసింది. తప్పు లేనిచోట తప్పు వెతకలేక తలప్రాణం తోకకొచ్చింది. పదకొండోసారి మాత్రం ఆమె కళ్లు గున్నయ్య నోరు వదిలి, తెర అంచున కనీ కనిపించకుండా ఉన్న చేతుల మీద పడ్డాయి. నోరు "బిగించాల" అని ఊరుకుంది. చేతులు బిగించి, ఆగి, కాస్త వదులు చేశాయి!

బుధవారం అతని తువ్వాలే అడిగి తీసుకుని, అతని యాసలోనే అంది: "బాబాయ్, కోప్పడకు. సేతులు ఎనక్కి పెట్టు."

"ఏటి, నన్ను పోలీసులకి అప్పసెప్తావా?"

"పని నేను సేస్తాను. నువ్వు నోటితోనే సెప్పాలి. సెప్పింది సేస్తాను, సెప్పంది సెయ్యను" అని చేతులు కట్టేసింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, చేతులు కట్టేసరికి ఆ మహానుభావుడికి మాటే పెగల్లేదు. ముక్కు దురద అన్నాడు. భుజాలు ఎగరేశాడు. ఎట్టకేలకు "తాడు సుట్టు" అన్నాడు. చుట్టింది. పంపు వేయించాడు. "నీరు కారతంది, నట్లు బిగించు" అన్నాడు. బిగించింది. బిగిస్తూనే ఉంది.

"ఆగు! ఆగాగు! ఓలమ్మ, సంపేస్తావేటి దాన్ని! సుక్క ఆగిపోనాది!"

"నీళ్లు కారకూడదనే కదా బిగించేది?"

"దారగా కారకూడదు. సుక్క పడాల! సుక్కా సుక్కా పడతా ఉంటేనే లోపల సల్లగుంటాది. ఆగితే మాడి మసైపోతాది!"

"ఈ సంగతి పాఠంలో ఎక్కడుంది బాబాయ్?"

"ఇది కూడా సెప్పాలేటి? నానెప్పుడు నేర్సుకున్నానో నాకే గేపకం నేదు."

కిరణ్మయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంత తెలిసిన మనిషైతే అంత చెప్పకుండా మింగేస్తాడన్నమాట! పైగా పాఠంలో లేనిదంతా తన తలలోంచి తీసి నింపుకుని "అంతా ఉంది" అనేశాడు. ఆ సాయంత్రమే పాఠం తిరగరాసింది. ఈసారి గున్నయ్యకి చూపించలేదు. జన్మలో పానా పట్టని క్యాంటీన్ కస్తూరికి చూపించి, ఆవిడ అడిగిన పదిహేడు ప్రశ్నలకూ అందులోనే జవాబులు పెట్టింది.

శుక్రవారం పంపు ముందు నిలబడింది శ్రీదుర్గ, ముందురోజే చేరిన అమ్మాయి. పాఠం చూస్తూ చుట్టింది, పంపు వేసింది, బిగించింది, చుక్కలు లెక్కపెట్టింది, పానా కింద పెట్టింది.

"అయిపోతే మరి కారుతోందేం?" అన్నాడు సూర్యప్రకాష్.

"కారాలి సార్."

"పంపు కారాలా? పదిహేనేళ్లుగా ట్రైనింగులిప్పిస్తున్నాను, నాకు చెబుతావా? బిగించు."

"బిగించను సార్. మాడిపోతాది."

అయిపోయింది, ఉద్యోగం గోవిందా అనుకుంది కిరణ్మయి. గున్నయ్య ఏదో అనబోతే చొక్కా పట్టుకుని లాగింది. సూర్యప్రకాష్ తనే పానా అందుకుని, పళ్లు బిగబట్టి మరీ బిగించాడు. చుక్క ఆగింది. "ఇలా చెయ్యాలి" అని అందరికేసీ చూశాడు.

అయిదు నిమిషాలకు వాసన. ఏడో నిమిషానికి పొగ ఆయన టై కిందనుంచే లేచింది. శ్రీదుర్గ గబుక్కున పంపు ఆపింది. ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక గున్నయ్య మాత్రం గోడకేసి తిరిగాడు.

సూర్యప్రకాష్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "మీ పర్మనెంటు కాగితాలు తెండి, సంతకం పెడతాను" అన్నాడు కిరణ్మయితో. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పాఠం నా ఫోనుకి కూడా పంపండి. ఓసారి చూస్తాను."

"చూస్తే చాలదు సార్," అంది శ్రీదుర్గ. "చివర పరీక్ష ఉంది. పాసవ్వాలి."