రాజుగారి మంచం చుట్టూ

అనంతరామయ్యగారిని ఇంట్లో ఒంటరిగా వదిలే ధైర్యం విద్యకు లేకపోయింది. ముప్ఫై ఏళ్ళు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వచ్చిన రెండో వారంలోనే వీధంతా తిరిగి చెత్తడబ్బాల మూతలెత్తి చూసి, ఈగలు ముసురుతున్నాయని ఇరుగుపొరుగు తెల్లవాళ్ళకు పాఠం చెప్పివచ్చాడు. అందుకే తన ఉద్యోగం అటో ఇటో తేలిపోయే రోజున కూడా తండ్రిని వెంటబెట్టుకుని మ్యూజియంకి బయల్దేరింది.

ఆరు నెలలుగా అక్కడ ఆమెది టెంపరరీ కొలువు. ఆ రోజు పదిమంది సందర్శకులకు పాత రాతప్రతుల గది చూపించి, బొమ్మల కథ చెప్పాలి. వెనకాలే సూపర్‌వైజరు కాగితం, కలం పట్టుకుని నడుస్తుంది. ఆవిడకు నచ్చితే పర్మనెంటు. నచ్చకపోతే ఇంటికే, కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఆ ఎనభై రెండో సంవత్సరంలో మిషిగన్‌లో ఇంకో ఉద్యోగం దొరకడం కల్ల. నోరు విప్పనని తండ్రి కారులో మూడుసార్లు మాటిచ్చాడు.

మొదటి గదిలోనే, తుడిచిన నేల ఇంకా ఆరలేదేమని కాపలావాణ్ణి నిలదీశాడు. విద్య పళ్ళు నూరుకుంది.

అసలు బొమ్మ నాలుగో అద్దాల బీరువాలో ఉంది. మతయుద్ధానికని సముద్రం దాటి, ఆఫ్రికా ఒడ్డున గుడారంలో జబ్బుచేసి పోతున్న ఫ్రాన్సు రాజు. అరచెయ్యంత బొమ్మ. మంచం మీద కూడా నెత్తిన కిరీటం, నీలం దుప్పటి నిండా బంగారు పువ్వులు, చుట్టూ మతగురువులు, పైన దేవదూతలు. తనకిచ్చిన కాగితంలో ఉన్నట్టే, రాజు ప్లేగుతో మరణించాడని విద్య చెప్పింది.

ప్లేగు కాదన్నాడు అనంతరామయ్య, ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా. ఇంతమంది చేరారు, ఒక్కడి చేతిలోనూ నీళ్ళ చెంబు లేదేమన్నాడు. వేలమంది దిగిన చోట తాగే నీళ్ళెక్కడివి, దొడ్డికి ఎక్కడికి వెళ్ళేవాళ్ళు అని అడిగాడు. ఎవరో నవ్వారు. సూపర్‌వైజరు కలం కదిలింది.

విద్యకు ఒళ్ళు మండిపోయింది. ఆయన దగ్గరికి వెళ్ళి తెలుగులోకి దిగింది.

"నాన్నగారూ, మీకు దణ్ణం పెడతాను. ఏ రోగమైతే మీకేం? ప్లేగని రాశారు, అయిపోయింది."

"రాస్తారమ్మా. నేనూ రాశాను." ఆయన చూపు ఆ మంచం మీదే ఉంది. "ఆ ఏడు తీర్థంలో కలరా అని రాస్తే తీర్థం ఆగిపోతుందని పైవాళ్ళు వద్దన్నారు. పదకొండుమందికి జ్వరమని రాశాను. పన్నెండోది మీ అమ్మ."

అప్పటికి విద్యకు నాలుగేళ్ళు. అమ్మ జ్వరంతో పోయిందనే ఈ దేశంలో అడిగిన ప్రతి డాక్టరుకూ చెప్పింది.

"అమ్మకి కూడా జ్వరమని రాశారా?"

"పదకొండుమందికి అలా రాసినవాణ్ణి, దానొక్కదానికి కలరా అని ఎలా రాయను? మొదటివాడికే నిజం రాసుంటే తీర్థంలో అందరూ తాగే బావి మూసేసేవాళ్ళు. మీ అమ్మ ఆ నీళ్ళే తాగింది."

ఇరవై అయిదేళ్ళు నోరు మెదపని మనిషికి ఇవాళే, ఇక్కడే దొరికిందా చెప్పడానికి! ఆయన భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది విద్యకు. సూపర్‌వైజరు దగ్గి, ఇక కానివ్వమంది.

విద్య కాగితం మడిచేసి సందర్శకుల వైపు తిరిగింది. రాజు పోయింది విరేచనాలతోనని, చెడ్డ నీళ్ళ వల్లనని చెప్పింది. ఆ మాట రాజుకి తగదని ఇంకో పేరు పెట్టుకుంటారని, అలా పెట్టాక మిగిలినవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారని చెప్పింది. సూపర్‌వైజరు ఏదో రాసుకుంది. విద్య అటు చూడలేదు.

తండ్రిని విసురుగా బెంచీ మీద కూర్చోబెట్టి, పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగలేదని కసిరి, కుళాయి దగ్గర కాగితం కప్పు నింపి తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన అలవాటుగా కప్పులోకి తొంగి చూసి, అప్పుడు తాగాడు.