తల వంచిన కాపలా

జూలై పన్నెండు వచ్చిందంటే, ఊడ్పులు ఎంత ముమ్మరంగా సాగుతున్నా సరే, రిటైర్డు హవల్దారు అమ్మిరాజు పొలం వైపు తొంగి చూడడు. తెల్లవారకముందే స్నానం చేసి, ట్రంకుపెట్టెలోంచి యూనిఫారం తీసి తొడుక్కుని, కాలవగట్టు మీదున్న జవాను ఉదయభాస్కర్ సమాధి దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. ఆరింటి నుంచి మధ్యాహ్నం పన్నెండింటి దాకా అక్కడే. ఎవరూ నిలబడమనలేదు, ఎవరూ వద్దనలేదు. పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చిన మనిషికి తుపాకీ ఎవరిస్తారు గనక? వడ్రంగి ఏసుపాదం చేత టేకుచెక్కతో ఒకటి చేయించుకున్నాడు. మొదటి ఏడు ఆ కర్ర తుపాకీని చూసి నవ్వినవాళ్ళే, మూడో ఏటికల్లా చుట్టాలకు చూపించి గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా ఊరి జవానుకు మా ఊరి కాపలా అని రామచంద్రపురం పేపరు విలేకరిని కూడా పిలిపించారు.

చనిపోయిన సైనికుడి దగ్గర కాపలాకు ఒక పద్ధతుంది. శోక్ శస్త్ర్ అంటారు. తుపాకీని తలకిందులు చేసి, గొట్టం కొసను బూటు మీద ఆనించి, భుజానికి ఆనే వెడల్పు కొస పైకి వస్తే దాని మీద రెండు అరచేతులూ వేసి, గడ్డం గుండెకు తగిలేలా తల వంచాలి. ఇక కదలకూడదు, మాట్లాడకూడదు. ఈగ వాలినా, వాన కురిసినా అంతే. అలా తల వంచుకున్నవాడికి మనుషులు కనిపించరు, మనుషుల కాళ్ళు కనిపిస్తాయి. అమ్మిరాజుకు ఊళ్ళో సగం మంది కాళ్ళను బట్టే తెలుసు. ఆకుమడి బురద ఆరని కూలీల కాళ్ళు, సర్పంచి చినబాబు కిర్రు చెప్పులు, బడికి పోయే పిల్లల తెల్ల కాన్వాసు బూట్లు. వాటన్నిటికీ అతను అలవాటు పడ్డాడు. ఒక్క పాదానికే అలవాటు పడలేదు. ఎడమకాలు, బొటనవేలి పైన కొడవలి కోసిన పాత మచ్చ. ఆ పాదం ఉదయభాస్కర్ తల్లి పాపాయమ్మది.

ఆ పాదాన్ని అతను మొదటిసారి తల వంచి చూసింది తొంభై తొమ్మిదిలో. కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజులు. ఇద్దరిదీ ఒకే బెటాలియన్. జూలై పన్నెండున బంకరు పక్కన షెల్లు పడి ఇరవై నాలుగేళ్ళ ఉదయభాస్కర్ పోయాడు. అమ్మిరాజు వెళ్ళి చూసేసరికి నడుం కింద ఏమీ మిగల్లేదు. ముఖం మాత్రం చెక్కు చెదరలేదు. ఎడమ కనుబొమ మీద సన్నటి గీత, అంతే. గడ్డం రెండు రోజులది. కళ్ళు తెరిచి ఉంటే అమ్మిరాజే మూశాడు.

ఒకే ఊరివాళ్ళు కాబట్టి శవపేటికతో వెళ్ళే బాధ్యత అతనికే వచ్చింది. బయలుదేరే ముందు కెప్టెన్ అతన్ని పిలిచి, పెట్టెకు ముఖం దగ్గర అద్దం పెట్టించమంటావా, పూర్తిగా మూయించమంటావా, మీవాళ్ళ సంగతి నీకే తెలుసు కదా అన్నాడు. అవును, తనవాళ్ళ సంగతి అమ్మిరాజుకు తెలుసు. గోదావరి జిల్లాలో ఏ తల్లీ అద్దంలోంచి చూసి ఊరుకోదు. పెట్టె తీయమంటుంది. స్నానం చేయించాలంటుంది, ఒళ్ళంతా పసుపు రాయాలంటుంది, కొత్త పంచె కట్టాలంటుంది. నలుగురు ఆడవాళ్ళు చెంబులతో చుట్టూ చేరి గుడ్డ తొలగిస్తే ఏం కనిపిస్తుందో అతనికి తెలుసు. మూయించండి సార్ అన్నాడు. ఊరొచ్చాక పెద్దమనుషులు గట్టిగా అడిగితే, ముఖం చూపించే స్థితిలో లేదండి అన్నాడు. ఒక్క అబద్ధంతో పని తేలిపోయిందనుకున్నాడు పాపం.

ఆ ఇంటి ఆచారం దహనమే అయినా, పెట్టె తెరిచే వీల్లేదన్నారు గనక పెట్టెతోనే పూడ్చారు. అంతకుముందు ఇంటి అరుగు మీద పెట్టె నాలుగు మూలలా నలుగురు జవాన్లు తల వంచి నిలబడ్డారు. వాళ్ళలో అమ్మిరాజు ఒకడు. అప్పుడే ఆ మచ్చ పాదం అతని ముందుకొచ్చి ఆగింది. ముఖం అసలు లేదా, కొంచెమన్నా ఉందా అని పాపాయమ్మ మెల్లగా అడిగింది. మూడుసార్లు అడిగింది. కాపలాలో ఉన్నవాడు మాట్లాడకూడదు. ఆ నియమం ఆ రోజు అతనికి దేవుడిచ్చిన వరంలా దొరికింది. పాదం కాసేపు అక్కడే ఉండి, తరవాత వెనక్కి తిరిగింది.

రెండేళ్ళకు అమ్మిరాజు రిటైరై వచ్చాడు. పాపాయమ్మ గోడమీద కొడుకు ఫోటో తీసేసిందని అతని భార్య నాగదుర్గ చెప్పింది. ఆవిడ రేవు దగ్గర నాగదుర్గతో అందట, బాచి ముఖం తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే మాంసం ముద్ద కనపడుతోందమ్మా అని. బాచి అంటే ఉదయభాస్కర్, ఇంట్లో ముద్దు పేరు. చిన్నప్పటి బాచిని తలుచుకున్నా, ఉయ్యాలలో బాచిని తలుచుకున్నా అదే వస్తోందట. నాగదుర్గ చెప్పి తన పనిలో పడిపోయింది. అమ్మిరాజు ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఎవరికీ కనపడని ఆ ముఖం అతన్ని మాత్రం ఒక్కరోజూ వదల్లేదు. అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే తన ముఖం వెనక రెండు రోజుల గడ్డంతో అదీ కనిపించేది. యానాంలో చవగ్గా దొరికే సీసాలు కొన్నాళ్ళు తెచ్చుకుని చూశాడు, తాగితే ఇంకా స్పష్టంగా కనిపించింది. తల్లికి దక్కవలసిన ఆఖరిచూపు తప్పిపోయి తన దగ్గరకొచ్చి పడిందనిపించేది. వెళ్ళి చెప్పేద్దామని పాపాయమ్మ వీధిలోకి ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. చెబితే, ముఖం బాగుందని తెలిసీ చూడనివ్వలేదా అంటుంది. చెప్పకపోతే ఆవిడకు ఆ ముద్దే మిగులుతుంది. ఎటూ తేల్చుకోలేక కర్ర తుపాకీ పట్టుకుని ఏటా వెళ్ళి నిలబడడం మొదలుపెట్టాడు. ఏటా ఆ పాదం వచ్చేది, ఎదురుగా కాసేపు ఆగేది, వెళ్ళిపోయేది. ఆవిడ మళ్ళీ అడగలేదు. అతను తల ఎత్తలేదు.

పదేళ్ళు నిండేసరికి చినబాబుకు విగ్రహం ఆలోచన పుట్టింది. కోనసీమ దారిలో విగ్రహం లేని కూడలి చూపించమంటే కష్టం, మనకెందుకు ఉండకూడదన్నాడు. కొత్తపేట శిల్పికి ఫోటో ఇచ్చారు. ఛాతీ వరకే విగ్రహం, కింద నల్లరాతి దిమ్మె. అయితే శిల్పి పనిమంతుడు. కుర్రాడి ఎత్తెంతో అమ్మిరాజునే అడిగి తెలుసుకుని, తల సరిగ్గా ఆ ఎత్తుకు వచ్చేలా దిమ్మె కట్టాడు. ఎదురుగా నిలబడితే మనిషి ఎదురుపడినట్టే ఉండాలండి అన్నాడు. దాన్ని సమాధి తలవైపు నిలబెట్టి తెల్లగుడ్డ కప్పారు.

ఆ జూలై పన్నెండున గట్టు మీద షామియానా వేశారు. మైకు పెట్టారు. పూజ పళ్ళెం, పూల బకెట్టు, నీళ్ళ బిందె, అన్నీ సిద్ధం. పదింటికి రావలసిన ఎమ్మెల్యే గారు మామూలుగానే పదకొండున్నరకు కూడా రాలేదు. అమ్మిరాజు ఆరింటి నుంచీ నిలబడే ఉన్నాడు. ముసురు పట్టి బూట్ల చుట్టూ నీళ్ళు చేరాయి.

విగ్రహం అంటే పాపాయమ్మ రాదని ముందే అనుకున్నారు. అలాంటిది జనం కాళ్ళు పక్కకు జరిగి, మచ్చ పాదం అతని ముందుకొచ్చి ఆగింది. పాదం బాగా ముడతలు పడింది.

"అమ్మిరాజూ, ఆ గుడ్డ నన్నే లాగమంటన్నారు," అంది. "ఫోటో చూసి చేశాడంట. అది వాడి ఆఖరి ముఖం కాదు కదా. నాకు చూడాలని లేదు. మీ సర్పంచి గారికి చెప్పు, ఆ గుడ్డ అలా ఉంచెయ్యమని."

ఆవిడ ఏడవడం లేదు. విసిగిపోయిన మనిషి కూరలవాడితో బేరం వద్దన్నట్టు చెబుతోంది. సిమెంటు ముఖాన్ని కూడా చూడలేని స్థితికి ఈ తల్లిని తెచ్చింది తానేనని అమ్మిరాజుకు అప్పుడు తిన్నగా తగిలింది. పదేళ్ళలో మొదటిసారి కాపలాలో తల ఎత్తాడు. జనంలో ఎవరో అరె అన్నారు.

"పిన్నిగారూ, బాచి ముఖానికి ఏం కాలేదండి."

ఆవిడ ఒక అడుగు ముందుకేసింది.

"ఎడం కనుబొమ మీద చిన్న గీత. అంతేనండి. నిద్రపోయినట్టే ఉన్నాడు. నేనే అబద్ధం చెప్పాను."

"కళ్ళు?"

"నేనే మూశానండి."

మరెందుకురా అంది పాపాయమ్మ. అమ్మిరాజు చెప్పాడు. నడుం కింద సంగతి, అద్దం సంగతి, స్నానం చేయించాలంటారని తాను భయపడిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నుంచోడం రానప్పుడు వాడికి నీళ్ళు పోసిందెవరనుకున్నావు?" అంది పాపాయమ్మ. "నా కాళ్ళమీద పడుకోబెట్టుకుని పోశాను. మళ్ళీ పోసేదాన్ని కాదా?"

ఆవిడ అతన్ని దాటి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా గుడ్డ లాగేసింది. చినబాబు ఆపబోయి, ఎందుకో ఆగిపోయాడు. కొడుకు ముఖాన్ని ఆవిడ కళ్ళార్పకుండా చూసింది. ఎడమ కనుబొమ మీద వేలితో సన్నగా ఒక గీత గీసింది. తరవాత పూజ పళ్ళెంలో పసుపు తీసుకుని బుగ్గలకు, మెడకు, భుజాలకు రాసింది. బిందెలో చెంబు ముంచి తలమీద నీళ్ళు పోసి, చంటిపిల్లాడికి తుడిచినట్టు కళ్ళలోకి నీళ్ళు పోకుండా అరచేయి అడ్డం పెట్టింది. ఛాతీ దాకా రుద్దింది. అక్కడ విగ్రహం అయిపోయింది, చేయి రాతి దిమ్మె మీద ఆగింది.

"ఇక్కడిదాకేనా, అమ్మిరాజూ?"

"ఇంకా కిందికండి."

చేయి నున్నటి రాయి మీద జానెడు దిగింది. "ఇక్కడికా?"

"ఇంకొంచెం."

పేరు చెక్కిన అక్షరాల మీదుగా ఆ చేయి దిగుతూ వచ్చింది. నడుం ఎత్తుకు రాగానే అమ్మిరాజు అక్కడికండి అన్నాడు. పాపాయమ్మ అంతమేరా రాతికి పసుపు రాసి, నీళ్ళు పోసి, కొంగుతో అద్దింది. గట్టు మలుపులో కారు హారన్లు వినిపించాయి. ఎవరూ అటు చూడలేదు.

ఆవిడ చెంబు మళ్ళీ నింపి అతనికి చాపింది.

"కింద నువ్వు పొయ్యి. ఎలా ఉన్నాడో చూసింది నువ్వే కదా."

అమ్మిరాజు తుపాకీని బురదలో పడుకోబెట్టి, రెండు చేతులతో చెంబు అందుకున్నాడు.