మీరే కిందికి రండి

మొదటి క్లాసుకు గంట మోగగానే ఆ విశ్వవిద్యాలయం మెట్ల దగ్గర రోజూ ఒక దృశ్యం కనిపించేది. నలుగురు కుర్రాళ్ళు ఒక చక్రాల కుర్చీని, అందులో కూర్చున్న అమ్మాయితో సహా, పై అంతస్తుకు ఎత్తుకెళ్ళేవారు. చూసినవాళ్ళు "ఎంత మంచి పిల్లలు!" అని మురిసిపోయేవారు. పైకి చేరేదాకా ఆ అమ్మాయి పుస్తకాలను గుండెకు అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకోవడం మాత్రం ఎవరి కంటా పడలేదు.

నేల మీద ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వరండాలో ఆమె కుర్చీ దూసుకొస్తుంటే లెక్చరర్లు సైతం గోడకు అతుక్కుపోయేవారు. అందుకే తోటివాళ్ళు ఆమెకు బుల్లెట్ అని పేరు పెట్టారు.

విద్యార్థి సంఘం ఎన్నికలు వచ్చాయి. గొడుగు గుర్తువాళ్ళు, గంట గుర్తువాళ్ళు ఢీ అంటే ఢీ అన్నారు. ఓట్ల వేటలో బుల్లెట్‌ను మొయ్యడం కూడా ప్రచారమైపోయింది. ఒక ఉదయం రెండు జట్లూ ఒకేసారి కుర్చీ మీద పడ్డాయి.

"మేం ముందొచ్చాం, వదలండ్రా!"

"రోజూ మోసేది మేమే, మీరే వదలండి!"

ఆ లాగులాటలో కుర్చీ పక్కకు ఒరిగింది. బుల్లెట్ మెట్ల కమ్మీని అందుకోబట్టి సరిపోయింది. పుస్తకాలు మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. అంతలో కింద నుంచి ఫొటోలు తీస్తున్నవాడు అరిచాడు: "అన్నా, ఇంకోసారి ఎత్తండి! ఫొటో సరిగ్గా పడలేదు!"

బుల్లెట్‌కు ఒళ్ళు మండిపోయింది. "దించండి నన్ను!" అంది.

ఆ సాయంత్రం బస్సు కండక్టరుగా పనిచేసే తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, అధ్యక్ష పదవికి నేనే నిలబడుతున్నా. నిలబడటం అంటే, కూర్చునే అనుకో!"

తల్లి పకపకా నవ్వింది. "నిలబడు తల్లీ! మెట్టు అందని ముసలమ్మని నేనేమన్నా చంకనెత్తుకుంటానా? డ్రైవరన్నకి చెప్పి బస్సునే అరుగు పక్కకి తెప్పిస్తా. అడగడానికి సిగ్గెందుకే?"

అభ్యర్థుల చర్చ పై అంతస్తు హాల్లో పెట్టారు. హాలు కిక్కిరిసిపోయింది. మెట్ల కింద బుల్లెట్ కనబడగానే రెండు జట్లూ చేతులు చాచుకుంటూ పరుగెత్తుకొచ్చాయి.

"ముట్టుకోకండి. నేను పైకి రాను. మీరే కిందికి రండి."

గొడుగు నాయకుడు నవ్వాడు. "నీ ఒక్కదాని కోసం ఇంతమంది దిగాలా?"

"నేనొక్కదాన్నే అని నీకెలా తెలుసన్నా? ఎక్కలేనివాళ్ళు ఇక్కడిదాకా వస్తే కదా, వాళ్ళెంతమందో తెలిసేది!"

అప్పుడు పైనుంచి చూస్తున్న గంట గుర్తు నాయకురాలు మైకు తీగ భుజానికి చుట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆమె వెనుక ఒకరు, ఆ వెనుక ఇద్దరు, ఆ తర్వాత కట్ట తెగినట్టు హాలంతా దిగింది. అడుగుల మోతకు కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఈలలతో, చప్పట్లతో ఆవరణ హోరెత్తింది. అందరికన్నా చివర, కమ్మీ పట్టుకుని, ఎన్నికల అధికారిణిగా ఉన్న ప్రొఫెసరమ్మ దిగింది.

"నా మోకాళ్ళకీ ఈ మెట్లంటే పడదమ్మా," అంది బుల్లెట్ చెవిలో. "చెప్పుకోడానికి మొహమాటపడ్డాను."

బుల్లెట్ మైకు అందుకుంది. "నన్ను మోసినవాళ్ళందరికీ దండం. కానీ వాళ్ళు రాని రోజు నాకు క్లాసు లేదు. చదువు నా హక్కయితే, అది ఒకరి తీరిక మీద ఆధారపడొచ్చా?"

"కూడదు!" అని ఆవరణంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఎన్నికలో బుల్లెట్ గెలవలేదు. గంట గుర్తు నాయకురాలే గెలిచింది. అయితేనేం! అందరూ ఎక్కగల దారి కావాలని కోరే తన మొదటి తీర్మానానికి ఆమె బుల్లెట్ చేతనే మాటలు రాయించింది. గొడుగువాళ్ళూ సంతకాలు సేకరించారు. విద్యార్థుల సేవా సంఘం పిల్లలు కూడా అధికారుల గదుల చుట్టూ పట్టు వదలకుండా తిరిగారు. సెలవులు ముగిసేసరికి మెట్ల పక్కన వెడల్పాటి వాలుదారి సిద్ధమైంది.

దాని మీద మొదటిరోజే జనం తిరునాళ్ళలా సాగారు. కాలు విరిగిన ఆటగాడు, పుస్తకాల బండి తోసే అటెండరు, నిండు నెలల లెక్చరరు, వాళ్ళ నడుమ తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ, కళ్ళు విప్పార్చి చూస్తూ బుల్లెట్.

పైన నిలబడి ఆ వరుసను చూసిన ప్రొఫెసరమ్మ విద్యార్థులతో ఇలా అంది: "పిల్లలూ, పడినవాణ్ణి ఎత్తడం మంచితనం. ఎవరినీ ఎవరూ ఎత్తనక్కరలేని దారి వేయడమే సంఘం చేయవలసిన పని."